కాకినాడ ఆకాశంలో వెలుగు, కింద అంబాసిడర్ కారు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కమిటీవారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, "మీ పాతకార్ల కబుర్లు సరదాగా చెప్పండి" అన్నారు. చెబుతాను. దాంతోపాటు మన వాట్సాప్ గ్రూపులో తిరిగిన ఒక వీడియో సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే ఆ వీడియో గుట్టు విప్పింది ఒక పాతకారే.

మీలో చాలామంది చూసే ఉంటారు. ఇరవై సెకన్ల నలుపు తెలుపు బొమ్మ. పైన గీతలు, మచ్చలు, అచ్చం పాత ఫిల్ములాగే. "1942 ఏప్రిల్ 6, కాకినాడ మీద జపాన్ విమానాలు బాంబులేసిన రోజు. ఆకాశంలో ఆ వింత వస్తువు ఏమిటి?" అని కింద రాసి ఉంది. రేవు వైపు పొగ, పొగ పైన పళ్లెంలాంటి ఒక వెలుగు కదలకుండా నిలబడి ఉంటుంది. గ్రూపులో ఆ రాత్రి నిద్రపోయినవాళ్లు తక్కువ. గ్రహాంతరవాసులు కోనసీమ కొబ్బరినీళ్లకి వచ్చారని మా బ్యాచ్ వాడొకడు రాశాడు.

బాంబుల మాట నిజం. జపాన్ వారి ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు ఆ రోజున విశాఖపట్నం మీద, కాకినాడ మీద దాడి చేశాయి. తేదీ సరే, ఊరు సరే, దాడి సరే. అబద్ధం ఎప్పుడూ ఇలాగే నిజం పక్కన పీట వేసుకుని కూర్చుంటుంది.

నా కన్ను మాత్రం ఆకాశం మీదకి పోలేదండి. పాతకార్ల పిచ్చి ఉన్నవాడి కన్ను కిందకే పోతుంది. ఫ్రేములో ఎడమ పక్కన చెట్టుకింద ఒక కారు ఆగి ఉంది. గుండ్రటి బానెట్టు, బొద్దుగా ఉన్న మడ్‌గార్డులు, ఉబ్బిన డిక్కీ. మన అంబాసిడర్! ఆ బండిని నేను చీకట్లో తడిమి కూడా గుర్తుపట్టగలను. మన వీధుల్లో పెళ్లికొడుకుని ఊరేగించింది అదే, ఎన్నికల్లో మైకు కట్టుకు తిరిగింది అదే, నొప్పులొచ్చినప్పుడు ఆడవాళ్లను రాజమండ్రి ఆసుపత్రికి చేర్చిందీ అదే. వెనక సీట్లో నలుగురు, వాళ్ల ఒళ్లో నలుగురు, ముందు డ్రైవరుకి అటొకరు ఇటొకరు. కోటిపల్లి రేవులో పంటు మీదకి ఎక్కించేటప్పుడు అందరినీ దింపేసి, పలకల మీద నుంచి అంగుళం అంగుళం నడిపేవాడు డ్రైవరు. చక్రం ఒక్క జానెడు పక్కకి పోతే గోదావరే. పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

ఆ అంబాసిడర్ 1942లో లేదు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో అది తయారవడం 1950ల చివర్లో మొదలైంది, 2014లో ఆగిపోయింది. దేన్ని చూసి దాన్ని చేశారో, ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఇంగ్లండులోనే 1956లో వచ్చింది. బాంబులు పడిన పద్నాలుగేళ్లకు పుట్టబోయే కారు కాకినాడలో చెట్టుకింద ఎలా ఆగి ఉంటుంది? బొమ్మను పెద్దది చేసి నంబరు ప్లేటు చూశాను. అక్షరాల్లా కనిపిస్తున్నాయి గాని ఏ భాషవీ కావు. ఏఐతో అల్లిన బొమ్మల్లో అక్షరాలు ఇలా చెదరడం మామూలే.

పాతకారు కొనేటప్పుడు మేము చేసే పనే ఇది. అమ్మేవాడు "అంతా ఒరిజినల్ సార్" అంటాడు. మేం తల ఊపి, జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి బాడీ మీద నడిపిస్తాం. రేకు ఉన్నచోట అంటుకుంటుంది, పుట్టీ పూసినచోట జారిపోతుంది. తర్వాత ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు, ఆర్సీ పుస్తకంలో మొదటి యజమాని పేరు. నా దగ్గరున్న 1968 ఫియట్‌ని అలాగే కొన్నాను. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండి వింటేజ్ కింద లెక్క, దాన్ని కొత్తగా రిజిస్టరు చేయిస్తే విఎ అక్షరాలతో వేరే నంబరిస్తారు. ఆ లెక్కన ఈ హాల్లో చాలామందికి నంబరు ప్లేట్లు మార్చాలి, నాతో సహా!

యుద్ధమూ, వెలుగూ కలిసిన కథలు మన దగ్గరే పుట్టలేదు. కాకినాడ కంటే ఆరు వారాల ముందు, 1942 ఫిబ్రవరి 24 అర్ధరాత్రి దాటాక లాస్ ఏంజెలిస్‌లో శత్రు విమానాలొచ్చాయని సైరన్లు మోగాయి. ఆకాశంలోకి 1,400కు పైగా తూటాగుళ్లు పేల్చారు. తెల్లారి చూస్తే ఒక్క విమానమూ కూలలేదు, ఒక్క బాంబూ పడలేదు. తప్పిపోయిన వాతావరణ బెలూను, దాని మీద యుద్ధభయం అని తర్వాత తేల్చారు. మర్నాటి పత్రికలో సెర్చ్‌లైట్లన్నీ ఒకచోట కలిసిన ఫొటో వేశారు. అచ్చులో స్పష్టంగా రావడానికి ఆ కాంతి గీతల్ని రంగుతో దిద్దారు, ఆ రోజుల్లో పత్రికలకు అది మామూలు పని. అప్పట్లో 'ఫ్లయింగ్ సాసర్' అన్న మాటే లేదు, అది 1947లో పుట్టింది. ఏళ్లు గడిచాక అదే ఫొటో పళ్లెం ఆకారానికి సాక్ష్యమైంది. విచిత్రం చూడండి, బాంబులు నిజంగా పడిన కాకినాడ సంగతి మన జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. ఏమీ పడని లాస్ ఏంజెలిస్ ప్రపంచమంతా తెలుసు.

మన సైన్యానికీ ఈ చిక్కు వచ్చింది. లడఖ్ సరిహద్దులో 2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా జవాన్లు 329 సార్లు ఆకాశంలో వింత వెలుగులు చూసి నమోదు చేశారు. చైనా డ్రోన్లేమో అని అనుమానం. బెంగళూరు ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కగట్టి అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు. నవ్వకండి. ఆ చలిలో, ఆ ఎత్తులో, ఎదురుగా శత్రువుని పెట్టుకుని కాపలా కాసేవాడికి ప్రతి వెలుగూ అనుమానమే. వాళ్లు చూసినదాన్ని చూసినట్టు తేదీ, వేళతో రాసిపెట్టారు కాబట్టే లెక్క తేలింది.

అమెరికా నౌకాదళ విమానం 2015లో తీసిన 'గో ఫాస్ట్' అనే వీడియో ఉంది. సముద్రం మీద ఏదో మహావేగంతో దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మీ చిన్నతనంలో కారు కిటికీ చాలు. రాత్రిపూట రావులపాలెం రోడ్డు మీద పోతుంటే కొబ్బరిచెట్ల వెనక చందమామ మనతో పరిగెత్తేవాడు కదా? పరిగెత్తింది మనం. ఇక్కడా అంతే. విమానం 25,000 అడుగుల ఎత్తులో ఉంది. తెరమీద ఉన్న దూరం, కోణం అంకెలతో లెక్కేస్తే ఆ వస్తువు సముద్రానికి దగ్గర్లో లేదు, 13,000 అడుగుల ఎత్తులో ఉంది. నాసా సంఘం 2023లో కట్టిన లెక్క ప్రకారం వేగం గంటకు సుమారు 40 మైళ్లు. అంటే మన అంబాసిడర్ ఎనిమిదిమందితో పోయే వేగం. గాలికి కొట్టుకుపోయే వస్తువుకి అది చాలు.

2025 మే నెలలో మాత్రం సరదా లేదు. ఆపరేషన్ సిందూర్ రోజుల్లో రాత్రి ఆకాశంలో విమానాన్ని కూల్చేస్తున్న వీడియో ఒకటి మన గ్రూపులోకి కూడా వచ్చింది. మన మిత్రుడొకడి కొడుకు సరిహద్దులో ఉన్నాడు. ఆ తల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ వీడియో ఆర్మా-3 అనే కంప్యూటర్ ఆటలోది. ఆటలో ముక్కని యుద్ధమని పంపించారు. పిల్లవాడు క్షేమంగా ఉన్నాడు, దీపావళికి వచ్చి వెళ్లాడు. కాని ఆ రెండు రోజులు ఆవిడకి ఎవరు తిరిగిస్తారు?

ఇక మా పెదనాన్నగారి సంగతి. ఆయనకి ఇప్పుడు తొంభై రెండు. 1942లో తొమ్మిదేళ్ల వాడు, జగన్నాథపురంలో ఉండేవారు. ఆ రోజు ఆయన కళ్లతో చూసినవాడు. మా చిన్నప్పుడు ఎన్నోసార్లు చెప్పారు: ఢమాలుమన్న చప్పుడు, రేవు వైపు పొగ, ఎవరింట్లోనో గుండెలు బాదుకుంటున్న ఏడుపు. మర్నాడు పిల్లల్ని, చెంబూ తపేలాని పట్టుకుని పల్లెకి బయల్దేరడం. కోటిపల్లి రైలు పట్టాలు యుద్ధానికని అప్పటికే ఊడదీసుకుపోయారు, అవి మళ్లీ పడింది 2004లోనే. అందుకని బొగ్గుబస్సు. పెట్రోలు కరువు కదా, బస్సు వెనక ఇనప పీపా బిగించి, బొగ్గుల్ని చాలీచాలని గాలితో మండించి, వచ్చిన గ్యాసుతో ఇంజను నడిపేవారు. పంకా తిప్పి తిప్పి రాజేస్తే గాని కదిలేది కాదట. వంతెన ఎక్కేటప్పుడు మగాళ్లంతా దిగి తొయ్యాలి.

కిందటి నెల వెళ్తే పెదనాన్న ఫోను చూపించి, "ఒరేయ్, ఈ వెలుగు నేనూ చూశాను రా" అన్నారు. నాకు గుండె జారింది. నలభై ఏళ్లుగా వింటున్న కథలో లేని వెలుగు. ఎవరో ఫోనులో అల్లిన ఇరవై సెకన్లు, ఎనభై మూడేళ్లు ఆయన మోసుకొచ్చిన జ్ఞాపకంలో దూరిపోయాయి. ఆ రోజును చూసినవాళ్లు ఇంకా ఎంతమంది మిగిలారండీ?

అదృష్టం, నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. 1982లో ఎనిమిదో తరగతిలో మన సోషల్ మాస్టారు (పేరు చెప్పక్కర్లేదు, బెత్తం గుర్తుంటే చాలు) "మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసిన యుద్ధం" రాసుకురమ్మన్నారు. పెదనాన్న చెబుతుంటే రాశాను. చప్పుడు ఉంది, పొగ ఉంది, బొగ్గుబస్సు ఉంది. వెలుగు లేదు. మార్జిన్‌లో మాస్టారు ఎర్రసిరాతో రాసిన ప్రశ్న: "ఇది ఆయన చూసినదా, విన్నదా?" ఆ ప్రశ్నకి భయపడి మళ్లీ వెళ్లి అడిగి, చూసినవాటి కింద గీత గీశాను. ఆ రెండు పేజీలూ ఈ సంచికలో అచ్చు వేయమని సంపాదకులకి ఇచ్చాను. మీ ఇళ్లలోనూ అలాంటి నోటుబుక్కులుంటే అటక మీద వెతకండి.

అవి పెదనాన్నకి చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. చాలాసేపటికి, "బస్సు తోసింది ఎవరో రాయలేదేం? మా నాన్న చెయ్యి కాలింది, ఆ పీపా తగిలి" అన్నారు. కొత్త సంగతి. అది ఏ వీడియోలోనూ లేదు. నోటుబుక్కులో ఖాళీ ఉన్నచోట ఈ ఏడాది తేదీ వేసి రాసుకున్నాను.

ఆయన ఇవాళ నా ఫియట్‌లోనే వచ్చారు, అదిగో, మూడో వరుసలో తెల్ల కండువా. భోజనాలయ్యాక బొగ్గుబస్సు గురించి అడగండి, గంటసేపు చెబుతారు. వెలుగు గురించి అడిగితే మాత్రం నవ్వి నా వంక చూస్తారు.