కారు చక్రాలు మార్చే ముందు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామందిమి రిటైరయ్యాకనే కారు కొన్నాం. పిల్లలు సెలవులకు వచ్చి, "నాన్నా, చక్రాలు మరీ చిన్నవి, పెద్ద అల్లాయ్ వీల్స్ వేయిద్దాం" అంటారు. వేయించుకోవచ్చు. కాని ముందు టైరు పక్కనున్న అంకెలు చదవాలి.

2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్‌నే చూడండి. తక్కువ ధర రకాలకు 165/80 ఆర్ 14, పై రకాలకు 185/65 ఆర్ 15 టైర్లు కంపెనీయే వేసింది. 165 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. అందులో 80 శాతం టైరు గోడ ఎత్తు. 14 అంటే రిమ్ము అంగుళాలు. లెక్క కడితే మొదటి చక్రం మొత్తం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, రెండోది 622. రిమ్ము పెరిగింది, గోడ తగ్గింది, చక్రం ఎత్తు దాదాపు మారలేదు. కిటుకంతా ఇదే.

అలా కాక 165/80 ఆర్ 15 వేయిస్తే 645 అవుతుంది. మీటరులో అదే 80 కనిపించినా, బండి ఇదివరకటికన్నా గంటకు 3 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు. తేడా 3 శాతం దాటనివ్వకండి. బరువు అంకె కూడా చూడండి. 85 అంటే ఒక టైరు గరిష్ఠంగా 515 కిలోలు మోస్తుంది. అది పాతదానికన్నా తగ్గకూడదు.

గోడ మరీ పొట్టిదైతే గోతిలో దెబ్బ రిమ్ముకే తగులుతుంది. సాలూరు దాటి కొరాపుట్ ఘాటీ ఎక్కేటప్పుడు వెనక సీట్లో మనుమలుంటారు. చక్రాల అందం వాళ్ల తర్వాతే.