నాగార్జునకొండ చెప్పే సాక్ష్యం

మతం మనుషుల్ని విడదీస్తుందని, దేశనిర్మాణానికి దాన్ని దూరంగా ఉంచాలని తరచూ వింటాం. విడదీసిన సందర్భాలు చరిత్రలో లేకపోలేదు. కానీ కృష్ణా తీరాన నాగార్జునకొండ శాసనాలు మరో సంగతి చెబుతున్నాయి. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఈ లోయలోని విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేసిన వైదికుడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి రాతి స్తంభాలు ఎత్తించిన దాత. ఆ లోయలోనే కార్తికేయుడి గుడీ, సింహళ భిక్షువుల విహారమూ వెలిశాయి. ఇలాంటి దానాలను ప్రాకృతంలో రాతిమీద చెక్కించబట్టే, ఆనాటి రాజకుటుంబపు స్త్రీల పేర్లు మనదాకా వచ్చాయి. వాళ్ల గురించి ఇంత నేరుగా చెప్పే ఆధారాలు అరుదు.

1955లో ఇక్కడే కృష్ణపై నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. పొలాలకు నీళ్లు కావాలి, ఈ లోయ మునగక తప్పదు. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ విస్తృతంగా తవ్వకాలు జరిపింది. కొన్ని కట్టడాలను విప్పి కొండమీదికీ దగ్గర్లోని అనుపుకూ తరలించారు, మరికొన్నింటికి నమూనాలు కట్టారు. లౌకిక రాజ్యం ఒక మతం శిథిలాలపై ప్రజల సొమ్ము వెచ్చించడం సబబేనా? అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ ఖర్చు ఏ పూజనూ నడపడానికి కాదు. అక్కడి బౌద్ధ స్తూపాలను కొలిచేవారు కనుమరుగై శతాబ్దాలు గడిచాయి. వాటిని కాపాడింది అందరి చరిత్రగానే. అందుకే అక్కడి మ్యూజియంలో శిల్పాలు చూడటానికి ఎవరి మతమూ ఎవరూ అడగరు.