మన సీమలో చదువు: వీధిబడి నుండి ఉన్నత పాఠశాల వఱకు

(రజతోత్సవ సభలో చదువబడిన యుపన్యాసము)



తాడిపత్రి యనగానే పరస్థలములవారికి బుగ్గ రామలింగేశ్వరుని గోపురమును, చింతల వేంకటరమణుని కోవెలలోని శిల్పములును జ్ఞప్తికి వచ్చును. పెన్న యొడ్డున నిలిచిన యా రాతిపని కొనియాడదగినదే. కాని యా నీడలోనే ఇసుకలో ఓనమాలు దిద్దిన పిల్లవాని చరిత్ర నడుగువారు తక్కువ. రాజుల దానములు శాసనముల కెక్కినవి. వీధిబడి అయ్యవారి జీతము ఏ రాతిమీదను ఎక్కలేదు. దాని జాడ తెలియవలెనన్నచో సర్కారు దఫ్తరములు విప్పవలసినదే.

అట్టి దఫ్తరము 1823 నాటిది యొకటి కలదు. అప్పటికి అనంతపురము జిల్లా లేదు. అది 1882లో ఏర్పడినది. తాడిపత్రి బళ్ళారి జిల్లాలో నుండెను. మన సీమవారు మండ్రోలయ్య యని పిలుచుకొన్న సర్ తామస్ మన్రో మద్రాసు గవర్నరై, 1822లో బడుల లెక్క పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ దొర. ఇతడు 1816లోనే తెలుగునకు వ్యాకరణము రచించి ప్రకటించినవాడు. కావున బడిలో వినబడు మాట కొంత తెలిసినవాడే.

ఆయన లెక్క యిది: బడులు 533, చదువరులు 6,641 మంది. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మరాఠీవి 23, పారసీకమువి 21, అరవమువి 4, ఇంగ్లీషుది ఒకటి. సంస్కృతము చెప్పు స్థలములు 23. కూడి చూచిన లెక్క సరిపోవును. జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షల పైచిలుకు. అనగా నూట నలుబది మందిలో నొకడు బడిలో నుండెను. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే.

బడి నడచు తీరును ఆయన కంటితో చూచినట్లే వ్రాసెను. ఉదయమున మొదట వచ్చిన బాలుని యరచేత సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు; వెనుక వచ్చినకొలది దెబ్బలు పెరుగును. సోమరికి కోదండము, గుంజిళ్ళు. గుంజిళ్ళు బాధాకరమైనను ఆరోగ్యమునకు మంచివే కావచ్చునని దొరగారి యభిప్రాయము! పెద్ద బాలురు చిన్నవారికి చెప్పు పద్ధతిని మాత్రము ఆయన మెచ్చి, ఇంగ్లండు దీనిని అనుకరించుట తగినదేయనెను. పద్యములను అర్థము తెలియక వల్లెవేయుటను ఆక్షేపించెను. ఆ యాక్షేపణ నేటికిని పూర్తిగా తీరలేదు.

దీనికంటె ముఖ్యమైనది, బడులు క్షీణించుటకు ఆయన చెప్పిన కారణము. సీమనూలు బట్టలు దిగుమతియై ఇచ్చటి నేతగాండ్రకు పని పోయెను. సేనలు దూరదేశములకు తరలిపోగా ధాన్యము కొనువారు తగ్గిరి. సామాన్యులు అయ్యవారి జీతము చెల్లింపలేకపోయిరి. పిల్లవాని చేతులు కొంచెము బలపడగానే వానిని పనికి పెట్టవలసి వచ్చెను. ఉన్న బడులలో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేదని వ్రాయుటకు సిగ్గుపడుచున్నానని కుంపిణీ యుద్యోగియే యొప్పుకొనెను. నేతకును అద్దకమునకును పేరొందిన తాడిపత్రివంటి యూరికి ఈ మాట యెంత తగునో వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన్రో 1826లో ప్రతి తహశీలునకు ఒక బడి, ఉపాధ్యాయునకు నెలకు తొమ్మిది రూపాయలు అని యేర్పాటు చేయదలచెను. మఱుసటి యేట పత్తికొండలో వాంతిభేదితో ఆయన మరణించెను. ఆ తహశీలు బడులు 1836లో ఎత్తివేయబడినవి. పిదప 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము వచ్చినది. 1876లో ధాత కరువును వచ్చినది. కరువునాడు బడి మాట యెవడెత్తును?

తాలూకా కేంద్రములలో ఉన్నత పాఠశాల నిలదొక్కుకొన్నది ఇరువదవ శతాబ్దమున. మొదటి మూడు ఫారములు దాటి నాలుగవ ఫారమున ప్రవేశించినవాడు ఊరిలో చదువుకొన్నవానిక్రింద లెక్క. ఆఱవ ఫారము ముగించి ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకము చేతికి వచ్చినచో గుమాస్తా కొలువునకు అర్హుడు. ఆ పరీక్షలో తెలుగు వ్యాసమును గ్రాంథికమున వ్రాయవలెనా, వ్యావహారికమున వ్రాయవలెనా యని 1912 మొదలు 1914 వఱకు పెద్దవివాదము చెలరేగెను. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గారలు ఒకవైపు. జయంతి రామయ్య పంతులుగారు మఱియొకవైపు. పండితుల పోరులో నలిగినవాడు పరీక్ష వ్రాయు బాలుడే. 1916లో అనంతపురమున దత్తమండల కళాశాల స్థాపింపబడుటతో పై చదువునకు దారి దగ్గఱయైనది. రాయలసీమ యను పేరును 1928లో నంద్యాల సభయందు సూచించిన చిలుకూరి నారాయణరావుగారు ఆ కళాశాల యధ్యాపకులే.

పాఠశాలలలో తెలుగు పండితుని స్థానము విచిత్రమైనది. ఇంగ్లీషు చెప్పువాని ముందు ఆయన కుర్చీ చిన్నది; విద్వత్తు పెద్దది. మన జిల్లా చియ్యేడున పుట్టిన పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యముననే ‘పెనుగొండలక్ష్మి’ రచించిరి. తరువాత వారు విద్వాన్ పరీక్షకు కూర్చుండగా ఆ కావ్యమే పాఠ్యగ్రంథమై యెదురు నిలిచెను. అట్టివారు ఉన్నత పాఠశాలలలో పిల్లలకు తెలుగు చెప్పుచు బ్రతికిరి.

1959లో పంచాయతి రాజ్యము రాగా బోర్డు పాఠశాలలు జిల్లాపరిషత్తుల క్రిందికి పోయినవి. 1969లో ఇంటర్మీడియెటు రెండేండ్లు వేఱై, పదవ తరగతి ఉన్నత పాఠశాలకు తుది మెట్టయినది. పేర్లు మాఱినవి గాని, వాన లేని యేట వెనుక బల్లలు ఖాళీ యగుట మాఱలేదు. తల్లిదండ్రులు కూలికి బెంగుళూరు పోయినచో బిడ్డయు వెంటబోవును. పిల్లవాని ఆకలిని గూర్చి 1823లో కలెక్టరు వ్రాసిన మాటకు, 2003 జనవరిలో ప్రాథమిక పాఠశాలలందు వండి పెట్టిన మధ్యాహ్న భోజనము రూపమున జవాబు వచ్చినది. నడుమ గడచినవి నూట యెనుబది సంవత్సరములు.