నిండుగా చూపే ముల్లు

మీలో అనేకులు బండి మీద బ్రతుకుతున్నవారు. కొందరు స్టీరింగు పట్టినవారు, కొందరు ఇంటి దగ్గర వారికొరకు ఎదురుచూచేవారు. ఈ పూట మీతో పాత ట్రక్కులోని ఆయిల్ గేజ్ గురించి మాట్లాడాలని ఆశిస్తున్నాను.

డ్యాష్‌బోర్డు మీది ముల్లు ట్యాంకులోనికి తొంగిచూడలేదు. ట్యాంకులో ఒక ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. అది లేచినా దిగినా రెసిస్టెన్స్ మారుతుంది. ఆ మార్పును ఒక సన్నని వైరు ముల్లుకు చేరవేస్తుంది. వైరు చెప్పినదే ముల్లు చూపుతుంది.

ఒక సంగతి గమనించండి. 1973 నుండి 1987 వరకు అమెరికాలో తయారైన షెవ్రొలే పికప్ ట్రక్కులలో ట్యాంకు ఖాళీ అయితే రెసిస్టెన్స్ సుమారు 0 ఓమ్‌లు, నిండితే సుమారు 90 ఓమ్‌లు. మరి వైరు తెగిపోతే? ముల్లు నిండు గీతను దాటి అక్కడే నిలిచిపోతుంది! ట్యాంకు ఎండిపోయినా నిండుగా ఉన్నానంటుంది. ఎర్త్ తుప్పు పట్టినా ఎక్కువే చూపుతుంది. కొన్ని ఇతర కంపెనీల బండ్లలో లెక్క తలక్రిందులుగా ఉంటుంది. వైరు తెగితే ఖాళీ చూపుతాయి.

ఈ రెండింటిలో ఏది ప్రమాదకరం? ఖాళీ అని చూపే ముల్లు మనలను బంకు దగ్గరకు నడిపిస్తుంది. నిండుగా చూపే ముల్లు మనలను నిద్రపుచ్చుతుంది. అర్ధరాత్రి ఘాట్ రోడ్డు మీద లోడుతో బండి ఆగిపోతే ఆ డ్రైవరు గతి ఏమిటి? డీజిల్ బండి అయితే పైపులలో ఎయిర్ పట్టి, డీజిల్ తెచ్చి పోసినా ఎయిర్ తీసేవరకు తరచుగా స్టార్టు కాదు.

మరి బాగుచేయుట ఎలా? అనేకులు ముందుగా కొత్త గేజ్ కొంటారు. తొందరపడకండి. మొదట ట్యాంకు దగ్గర ఎర్త్ విప్పి, ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి. తరువాత, ఆయిల్ వాసన లేనప్పుడు మాత్రమే, తాళం ఆన్ చేసి ఫ్లోట్ వైరు ఊడదీయండి. షెవ్రొలేలో ముల్లు నిండుకు పోవాలి. ఆ వైరును క్షణం సేపు ఛాసిస్‌కు తాకిస్తే ఖాళీకి దిగాలి. అలా కదిలితే గేజ్, వైరు మంచివే. లోపం ఫ్లోట్‌లో ఉన్నది. కదలకపోతే వైరునో గేజ్‌నో వెదకండి. ఫ్లోట్ బయటికి తీసేముందు బ్యాటరీ వైరు విప్పండి. దరిదాపుల్లో నిప్పు ఉండకూడదు. ఫ్లోట్ ఊపితే లోపల ఆయిల్ కదిలిందా? దానికి చిల్లి పడింది. అది మునిగి ఎప్పుడూ ఖాళీయే చూపుతుంది.

ప్రియులారా, లవొదికయ సంఘము తాను ధనవంతురాలననుకొన్నది, కాని ప్రభువు దృష్టిలో అది దరిద్రురాలు. మన ఇండ్లలోనూ ఇది జరుగుతుంది. భార్య ఏమీ అనడంలేదు, పిల్లలు ఏమీ అడగడంలేదు గనుక అంతా బాగున్నదని ఇంటి యజమాని అనుకొంటాడు. అది నిండుదనమా, లేక తెగిన వైరా? ముల్లును చూచి తృప్తిపడక, ఈ రాత్రి వారి ప్రక్కన కూర్చుండి అడగండి. వారు చెప్పేది ఓపికగా వినండి.

దేవుడు మీ ప్రయాణములను, మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.