కారు పందెం: ఖర్చెంత, దక్కిందెంత?

(సూర్యాపేటలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి ఈ శిబిరంలో గృహహింస గురించి, భూమి పట్టాల గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడుకుంటున్నాం. వాటి మధ్య కారు పందేల గురించి మాట్లాడమని నన్ను పిలవడం కొందరికి వింతగా అనిపించి ఉండవచ్చు. "అది పైసలున్నోళ్ల సరదా గదా, మనకెందుకమ్మా?" అని పొద్దున టీ దగ్గర ఒక అక్క అడగనే అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే నేను గెలిచిన కప్పుల కథ చెప్పను. చెప్పుకోవడానికి పెద్దగా కప్పులు కూడా లేవు. నేను లెక్కల టీచర్ని, లెక్కే చెబుతాను. ఒక మధ్యతరగతి స్త్రీ ఈ ఆటలో దిగితే ఏం పోతుంది, ఏం దక్కుతుంది, ఆ లెక్క మన ఉద్యమానికి ఎందుకు పనికొస్తుంది అన్నదే నా మాట.

నేను పుట్టింది మిర్యాలగూడలో. మా నాన్న రైసుమిల్లు లారీ డ్రైవరు. మెట్టినిల్లు కోదాడ. ఉద్యోగం ఇక్కడే సూర్యాపేటలో, జూనియర్ కాలేజీలో. మా నాన్న లారీ మిల్లు ఆవరణలో ఖాళీగా ఉన్నప్పుడు మా తమ్ముణ్ణి సీట్లో కూర్చోబెట్టి గేర్లు నేర్పేవాడు. నేను కింద నిలబడి చూసి నేర్చుకున్నాను. మన ఇళ్లల్లో చాలా విద్యలు ఆడపిల్లలకు అలాగే వస్తాయి, కింద నిలబడి చూస్తే.

ముందు ఈ ఆట ఏమిటో చెప్పాలి. కారు పందెం అనగానే టీవీలో చూసే ఫార్ములా కార్లే గుర్తొస్తాయి. ఔత్సాహికులు ఆడేవి వేరే ఉన్నాయి. మొదటిది, కాలం, వేగం, దూరం లెక్కగట్టే ర్యాలీ. ఇందులో వేగంగా పోయినవాళ్లు గెలవరు. సగటు వేగం గంటకు 36 కిలోమీటర్లని ఇస్తే, 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుర్తు దగ్గరికి సరిగ్గా 20 నిమిషాలకు చేరాలి. ఆలస్యమైనా పాయింట్లు పోతాయి, ముందే చేరినా పోతాయి. నడిపేవాళ్ల పక్కన దారి చూసి లెక్కలు కట్టే మనిషి ఒకరుండాలి. మామూలు ఇంటి కారు చాలు. రెండోది ఆటోక్రాస్. మట్టి మైదానంలో గుర్తులు పెట్టి, ఒక్కొక్క కారును విడిగా పంపి, ఎవరు తక్కువ సమయంలో తిరిగి వచ్చారో చూస్తారు. మూడోది అసలు ట్రాకు మీద పందెం. దానికి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై ట్రాకుకో, కోయంబత్తూరు దగ్గర కరి ట్రాకుకో పోవాలి. మొదటిది 1990లో, రెండోది 2003లో మొదలయ్యాయి. దేశంలో ఈ క్రీడలన్నిటినీ నడిపే సమాఖ్య ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. దాని గుర్తింపు ఉన్న పోటీలో దిగాలంటే మామూలు డ్రైవింగ్ లైసెన్సుతో పాటు పోటీ లైసెన్సూ కావాలి.

నేను మొదటి రెండూ ఆడాను. ర్యాలీలో మా కాలేజీ ఇంగ్లీషు మేడమ్ నడిపింది, నేను లెక్కలు కట్టాను. తర్వాత రెండేళ్లకు ఆటోక్రాస్‌లో నేనే స్టీరింగు పట్టాను. ట్రాకుకు మాత్రం రెండు రోజుల శిక్షణ కోసం ఒక్కసారే వెళ్లగలిగాను.

ఇక ఖర్చులు. మొదటిది డబ్బు. ప్రవేశ రుసుం, లైసెన్సు, డాక్టరు సర్టిఫికెట్టు, హెల్మెట్టు కనబడే ఖర్చులు. అసలు ఖర్చు కనబడదు. ఆటోక్రాస్‌లో ఒక్క ఆదివారం తిరిగితే టైర్లు నెలల తరబడి రోడ్డు మీద అరిగినంత అరుగుతాయి. షాకబ్జార్బర్లు పోతాయి, క్లచ్చి పోతుంది. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. మన మామూలు కారు బీమా పాలసీలో, పందేలకూ వేగ పరీక్షలకూ వాడితే వర్తించదని షరతు ఉంటుంది. అంటే మైదానంలో బండి బోల్తా పడితే రూపాయి రాదు. అందుకే నేను రెండు తులాల గొలుసు అమ్మి పాత మారుతి 800 ఒకటి విడిగా కొన్నాను. దాన్ని నా పేరు మీదే రిజిస్టరు చేయించుకున్నాను. ఆ బండి విరిగితే నా గొలుసే విరిగిందనుకున్నాను. ట్రాకు పందేల సంగతైతే నా జీతానికి అందేది కాదు. దాన్ని దాచను. ఇది డబ్బున్నవాళ్ల ఆట అన్న అక్క మాట ఆ మెట్టు దగ్గర అక్షరాలా నిజం. పై మెట్లలో మగవాళ్లయినా తండ్రి ఆస్తో, కంపెనీ సాయమో లేకుండా నిలవలేరు.

రెండో ఖర్చు సమయం. మగవాడు లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇదే. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సర్వే ప్రకారం, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు. చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. 2024 సర్వేలో ఇవి 289, 88 అయ్యాయి. అయిదేళ్లలో మనకు 10 నిమిషాలు తగ్గితే వాళ్లకూ 9 నిమిషాలు తగ్గింది! నేను ఆదివారం పోటీకి పోవాలంటే శనివారం రాత్రి పులుసు కాచి, ఇడ్లీ పిండి రుబ్బి, అత్తమ్మ మందులు డబ్బాలో సర్ది, పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేసి పోవాలి. మైదానంలో నా పక్కన ఉన్న మగ పోటీదారుకు టిఫిను డబ్బా ఇంటి నుంచి వస్తుంది. ఇద్దరికీ గడియారం ఒక్కటే కొడుతుందనుకుంటాం. కానీ నా గడియారం ముందు రోజు రాత్రే మొదలైంది.

మూడో ఖర్చు మాట పడటం. "మగరాయుడు" అన్నారు. "మొగుడు అదుపులో పెట్టలేదు" అని నన్ను కాదు, మా ఆయన్ని అన్నారు. చూడండి, ఆడదాని ఆటకు జరిమానా మొగుడి పరువులోంచి కడతారు. అందుకే మంచి మొగుళ్లు కూడా భయపడతారు. ఇక్కడ ఒక డ్రైవింగ్ స్కూలులో చేరితే, నేర్పే మనిషి గేరు మీద నా చేతిని వదలలేదు. మూడో రోజు మానేశాను. ఎంతమంది ఆడపిల్లలు అలా మూడో రోజు మానేసి, "మాకు డ్రైవింగ్ రాదు" అనే మాటను తమ మీదే వేసుకుంటున్నారో ఆలోచించండి.

నాలుగోది ప్రమాదం. దీన్ని తేలిక చేసి మాట్లాడను. మెడ పట్టేస్తుంది, నడుం పట్టేస్తుంది. అయితే మైదానంలో హెల్మెటు ఉంటుంది, బెల్టు ఉంటుంది, అంబులెన్సు నిలబడి ఉంటుంది. మన హైదరాబాద్-విజయవాడ రోడ్డు మీద అర్ధరాత్రి పందెం కట్టే కుర్రాళ్లకు ఇవేవీ ఉండవు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం పెట్టడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. కొడుక్కి తాళంచెవి ఇచ్చేటప్పుడు తండ్రి మనల్ని అడగడు. శవం ఇంటికొచ్చాక ఏడవడానికి మాత్రం మనం కావాలి. కారు ఆట నేర్చుకున్నాక నేను మా వాడికి చెప్పగలిగిన మొదటి మాట, "వేగం రోడ్డు మీద చూపేది కాదురా, మైదానంలో చూపేది" అని. ఆ మాట అమ్మగా చెబితే వినలేదు. బ్రేకు వేస్తే బండి ఎంత దూరం పోయి ఆగుతుందో మైదానంలో చూపిస్తే విన్నాడు.

ఇప్పుడు దక్కినవి చెబుతాను.

మన మూడు ఊళ్లలో కారు చాలామంది ఆడవాళ్లకు పెళ్లిలోనే మొదటిసారి కనబడుతుంది, కట్నం రూపంలో. కట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా కారు వస్తూనే ఉంది. డబ్బు మన పుట్టింటిది, రిజిస్ట్రేషను అల్లుడి పేరు మీద, తాళంచెవి అల్లుడి జేబులో. మనం ఎడమ పక్క సీట్లో కూర్చుని పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుంటాం. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985లో, దేశమంతటా 2005లో చట్టమైంది. ఆ వాటా బదులు ఇచ్చామని చెప్పుకునే వస్తువును మనం నడపలేం, అమ్మలేం, దాంట్లో ఎక్కి పోలేం కూడా. నాకు దక్కిన మొదటి లాభం ఇది. నా పేరు మీద కాగితం ఉన్న బండి, నా చేతిలో తాళం. కిందటేడు మా వీధిలో ఒక అమ్మాయిని రాత్రి పదకొండింటికి మొగుడు కొట్టి బయటికి నెట్టాడు. ఆటో దొరకని వేళ. నేను బండి తీసి ఆమెను ఆస్పత్రికీ, అక్కడి నుంచి పుట్టింటికీ చేర్చాను. గృహహింస చట్టం 2005లో వచ్చింది కదా అంటాం. చట్టం దగ్గరికి చేరడానికి కూడా చక్రాలు కావాలి.

రెండో లాభం, భయం కొలతకు రావడం. భయం చీకటిలో పెద్దగా కనబడుతుంది. మట్టిలో బండి వెనక భాగం జారినప్పుడు స్టీరింగు ఎటు తిప్పాలో చేతికి తెలిశాక, ఆఫీసరు గట్టిగా అరిస్తే నాకు ఒళ్లు వణకడం తగ్గింది. ఇది చిన్న మాట కాదు.

మూడోది, అమ్మాయిలు. మా కాలేజీలో లెక్కలంటే పారిపోయే పిల్లలు ర్యాలీ లెక్క ఇస్తే ఎగబడి చేశారు. "మేడమ్, మేమూ రావచ్చా?" అని అడిగారు.

ఈ కోరిక మనది కాదు, బయటినుంచి వచ్చిందని అనేవాళ్లుంటారు. మోటారు కారును మొట్టమొదట దూరప్రయాణానికి నడిపి చూపింది ఆడమనిషే. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్, భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, సుమారు 100 కిలోమీటర్లు పుట్టింటికి నడిపింది. ఫార్ములా వన్‌లో పాయింటు సంపాదించిన స్త్రీ ఇప్పటికీ ఒక్కతే, ఇటలీ నుంచి వచ్చిన లెల్లా లొంబార్డి. 1975లో ఆమెకు దక్కింది అర పాయింటు! సౌదీ అరేబియాలో 1990 నవంబరు 6న 47 మంది స్త్రీలు రియాద్ వీధుల్లో కార్లు నడిపి ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అక్కడ నిషేధం 2018 జూన్ 24న గానీ పోలేదు. మన పొరుగున తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో 1991-92లో అక్షరాస్యతా ఉద్యమంలో లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. వాళ్లనూ ఊళ్లో నవ్వారు.

మన గడ్డ సంగతి వేరే చెప్పాలా? కరివిరాల కొత్తగూడెం నుంచి వచ్చిన మల్లు స్వరాజ్యం దళానికి నాయకత్వం వహించింది ఈ ప్రాంతంలోనే. పోరాటం అయిపోయాక తుపాకి పట్టిన ఆడవాళ్లను మళ్లీ వంటింట్లోకే పొమ్మన్న బాధను 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకంలో వాళ్ల నోటితోనే చదివాం. అవసరం ఉన్నప్పుడు ధైర్యం కావాలి, అవసరం తీరాక అణకువ కావాలి. ఆ నీతి ఇప్పటికీ అలాగే ఉంది.

హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. 22 కార్లు, నడిపినవాళ్లందరూ మగవాళ్లే. అంతకు కొన్ని నెలల ముందు, 2022లో మొదలైన ఇండియన్ రేసింగ్ లీగులో మాత్రం ప్రతి జట్టులో ఒక స్త్రీ ఉండాలని నియమం పెట్టారు. నియమం పెడితే ఆడవాళ్లు దొరికారు. "అర్హులు లేరు" అనే మాటకు ఇదే జవాబు.

ఇక అక్క ప్రశ్నకు వస్తాను. సంస్థాన్ నారాయణపురం మండలం తండా నుంచి వచ్చిన వి. సరిత పేరు మీకు తెలుసు. కొడుకులు లేని ఇంట్లో మగపిల్లాడి బట్టల్లో పెరిగింది, నల్లగొండ ప్రాంతంలో ఆటో నడిపింది. 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో తొలి మహిళా బస్సు డ్రైవరైంది. 2025 జూన్‌లో తెలంగాణ ఆర్టీసీకి తొలి మహిళా డ్రైవరుగా వచ్చి, హైదరాబాద్ నుంచి మా మిర్యాలగూడకు బస్సు నడిపింది. సరితకు స్టీరింగు బతుకు. నాకు ఆట. ఈ తేడా కులానిదీ, వర్గానిదీ. దాన్ని మరిచిపోతే నా మాటలన్నీ ఉత్త గొప్పలే. కానీ పేద స్త్రీకి పనీ, ఉన్న స్త్రీకి ఆటా అని పంచడానికి నేను ఒప్పుకోను. తండా అమ్మాయికి కూడా పని అయిపోయాక ఒక ఆదివారం తనకోసం ఉండాలి. మగ కూలీకి చెట్టు కింద పేకాట ఉంది. ఆడ కూలీకి చెట్టు కింద కూడా పిల్లవాడి తల్లో పేలు చూసే పనే.

అందుకని మన సంఘం ముందు నాలుగు పనులు పెడుతున్నాను. ఇంట్లో కొనే బండి, అది స్కూటీ అయినా సరే, కాగితం మన పేరు మీద ఉండాలని పట్టుబట్టాలి. మూడు ఊళ్లలోనూ ఆడవాళ్లే నేర్పే డ్రైవింగ్ శిక్షణ మనమే మొదలుపెట్టాలి. నేర్పడానికి నేను ఉన్నాను, నా పాత మారుతి ఉంది. పద్దెనిమిది నిండిన ప్రతి అమ్మాయికి కాలేజీ నుంచే లైసెన్సు ఇప్పించమని అధికారులను అడగాలి. నెలకు ఒక ఆదివారం మైదానం ఆడవాళ్లకు వదలమని మున్సిపాలిటీలకు అర్జీ పెట్టాలి. అక్కడ కారే నడపాలని లేదు. సైకిలు తొక్కండి, కబడ్డీ ఆడండి, ఊరికే కూర్చోండి.

శిక్షణకు పేర్లు ఇచ్చే కాగితం తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. భోజనానికి వెళ్లేటప్పుడు రాయండి. రాయడం రానివాళ్లు చెబితే పక్కవాళ్లు రాస్తారు. మొదటి తరగతి వచ్చే ఆదివారం ఉదయం ఏడింటికి. ఆ రోజు వంట మగవాళ్లకు అప్పజెప్పి రండి.