హనుమంతుడి రాగి బిళ్ల కోటి రూపాయలా?

గుడుపల్లె నుంచి మన సబ్‌స్క్రైబర్ ఒకతను వాట్సాప్‌లో ఒక రాగి బిళ్ల ఫొటో పంపించాడు. ఒక పక్క హనుమంతుడు, ఇంకో పక్క ‘ఈస్ట్ ఇండియా కంపెనీ, వన్ అణా, 1818’ అని ఉంది. "అన్నా, ఇది బియ్యాన్ని లాగుతుందంట. కోటి ఇచ్చే పార్టీ ఉందంట. టెస్టింగ్‌కి ముందు యాభై వేలు కట్టమంటున్నారు, కట్టేదా?" అని అడిగాడు.

వద్దు తమ్ముడూ, ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

కంపెనీ 1818లో హనుమంతుడి బొమ్మతో రాగి అణా కొట్టనే లేదు. అప్పుడు మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇక్కడ నడిచిన రాగి డబ్బు కాసులు. 1803, 1808 సంవత్సరాలు వేసిన 10 కాసులు, 20 కాసుల నాణేలు ఇంగ్లండ్‌లో, బర్మింగ్‌హామ్ దగ్గర సోహో మింట్‌లో తయారయ్యాయి. వాటి మీద ఉండేది సింహాలతో కంపెనీ ముద్ర, వెనక పార్సీ అక్షరాలు. దేవుడెక్కడా లేడు. ఆ నాణేలతో బయల్దేరిన అడ్మిరల్ గార్డనర్ అనే ఓడ 1809లో ఇంగ్లండ్ తీరంలోనే మునిగిపోయింది. తర్వాత డైవర్లు వాటిని కుప్పలుగా పైకి తెచ్చారు. అందుకే అసలు కంపెనీ కాసు కూడా ఈరోజు కొన్ని వేలకే దొరుకుతుంది. ఇంక నకిలీకి కోటి ఎవరిస్తారు చెప్పండి?

తమాషా ఏందంటే, కంపెనీ దేవుడి బొమ్మ వేసింది కూడా! మద్రాసులో కొట్టిన ‘మూడు స్వాముల పగోడా’ మీద వెంకటేశ్వరస్వామి, ఇద్దరు అమ్మవార్లు ఉంటారు. కానీ అది బంగారం. మన జనం దేవుడి బొమ్మ ఉన్న వరహాలకు అలవాటు పడినారు కదా, వ్యాపారం నడవాలంటే అదే దారి. హనుమంతుడు కావాలంటే ఇంకా వెనక్కి, విజయనగర తొలి రాజుల నాణేల దగ్గరికి వెళ్లాలి. కృష్ణదేవరాయల రాగి నాణేల మీద గరుత్మంతుడు ఉంటాడు. అవన్నీ మన రూపాయి బిళ్ల కంటే చిన్నవి, వాటి మీద ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ ఉండదు.

మరి బియ్యం? బియ్యానికి ఇనుప పొడి పట్టించి, లోపల అయస్కాంతం దాస్తారు, అంతే. రాగికి అయస్కాంత గుణం లేదు. ‘ఇరిడియం ఉంది, నాసా కొంటుంది’ అంటారు చూడండి, ఇరిడియం కూడా బియ్యాన్ని లాగదు.

ఆ బిళ్ల పూజ గదిలో ఉంటే ఉండనీండి, దండం పెట్టుకోండి, తప్పు లేదు. నిజంగానే పొలం దున్నేటప్పుడు పాత నాణేల కుండ దొరికితే మాత్రం 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టర్‌కి తెలియజేయాలి, బ్రోకర్‌కి కాదు. ఇప్పటికే ఫోన్‌పేలో అడ్వాన్స్ కొట్టేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ. స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయొద్దు.