నీ ర్యాంకెంత?

పట్టాలందుకుంటున్న మీకు అభినందనలు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక నేను ఒక్క సంగతే మాట్లాడతాను.

హాస్టల్లో కొత్తగా చేరినవాణ్ణి "నీ ర్యాంకెంత?" అని అడుగుతారు. చాలాసార్లు అది కులం అడగడమే. జవాబు వినగానే 'కోటా సీటు' అన్న ముద్ర పడుతుంది. సరదాకి అడిగామంటారు. సరదా మీది నాయనా, ఆ రాత్రి పుస్తకం ముందు కూర్చుని అక్షరం ఎక్కనిది అతనికి! ఆ ముద్ర మనసుని నొప్పించి ఊరుకోదు, మార్కుల్నీ తగ్గిస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంకా పాండే అనే పరిశోధకులు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు కాగితం మీద దారి కనుక్కునే పజిల్స్ ఇచ్చారు. కులం ఊసెత్తనప్పుడు దళిత పిల్లలు అగ్రకులాల పిల్లలకు దాదాపు సమానంగా చేశారు. పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరి ముందూ చదివిన చోట మాత్రం వెనకబడ్డారు. 2006లో అచ్చయిన ఫలితాలివి. అంతకుముందే, 1995లో, అమెరికాలో క్లాడ్ స్టీల్, జాషువా ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నల్లజాతి విద్యార్థుల విషయంలో ఇలాంటిదే చూపించారు. "ఇది మీ తెలివిని కొలిచే పరీక్ష" అన్న ఒక్క మాటకే వాళ్ల ఫలితం తగ్గింది.

దీనికి అభ్యంతరాలున్నాయి, బలమైనవే. నెదర్లాండ్స్‌లో రెండు వేలమందికి పైగా హైస్కూలు పిల్లల మీద జరిగి, 2018లో అచ్చయిన పరిశీలనలో ఆడపిల్లలకు లెక్కలు రావన్న అపోహకు అలాంటి ప్రభావం కనబడలేదు. పరీక్షకు ముందు చెప్పే ఒక్క మాటకు మనం అనుకున్నంత బలం లేకపోవచ్చునని నేనూ ఒప్పుకుంటాను. కానీ మన క్యాంపస్‌లో ముద్ర ఒక్క మాటతో పోయేది కాదు. నోటీసు బోర్డు మీది జాబితాలో, ప్రాజెక్టు జట్టు కట్టేటప్పుడు, వైవా గదిలో నాలుగేళ్లూ వెంట ఉంటుంది. ఢిల్లీ ఎయిమ్స్ మీద 2007లో వచ్చిన థొరాట్ కమిటీ నివేదిక చదవండి. అధ్యాపకుల నిర్లక్ష్యం గురించి, హాస్టల్లో వెలి గురించి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పిన మాటలు అందులో ఉన్నాయి.

అసలు కారణం బడిలో పునాది సరిగ్గా పడకపోవడమే కదా అంటారు కొందరు. పునాది లోపం నిజమే, మంచిమాటతో అది పూడదు. అయితే డౌటు అడిగితే 'అందుకే కోటా' అంటారేమోనని నోరు మూసుకున్న పిల్లవాడికి ఆ పునాది ఎప్పుడు పడుతుంది? అతనికి కావలసింది అదనపు క్లాసు, భయం లేకుండా అడిగే చోటు.

రేపు మీలో చాలామంది లెక్చరర్లవుతారు, మేనేజర్లవుతారు. మీ ముందుకొచ్చిన మనిషిని ఏం చేయగలవని అడగండి, ఏ కోటాలో వచ్చావని అడగకండి. మీ జూనియర్లు ఇంకా ఇక్కడే ఉన్నారు. హాస్టల్ ఖాళీ చేసేలోపు ఈ మాట వాళ్లకీ చెప్పి వెళ్లండి.